ఏడో మంచం అప్పగింత

నిలకడగా, అవును, అదే మాట, పెద్దవాళ్ళెవరైనా ఆసుపత్రిలో చేరితే పేపర్లో రాస్తారు కదా, ఆరోగ్యం నిలకడగా ఉందని వైద్యులు తెలిపారు అని, స్టేబుల్ అంటే తెలుగులో అదే, కానీ తను ఆ రోజు తెలుగులో చెప్పలేదు, బెడ్ సెవెన్ స్టేబుల్ అంది, ఒక అంకె, ఒక మాట, అనుకుంటూ ఉండగానే జీపు ఆగింది, రోడ్డు అక్కడితో అయిపోయింది, ఇంక నడకే మేడం అన్నాడు డ్రైవరు, తెరిసమ్మ అప్పటికే దిగి టీకాల పెట్టె భుజానికి తగిలించుకుంటోంది, ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండలు ఎక్కి దిగుతున్న నర్సమ్మ, పెదబయలు చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో కాగితం చూడకుండా చెప్పగలదు, రా తల్లీ, బేగి నడిస్తే ఎండెక్కకముందే పనసగెడ్డ సేరిపోతాం అంది, సుజానా దిగింది, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఎనిమిది పేజీల ఫారం, పైన పెద్దక్షరాల్లో మాతృ మరణ సమీక్ష, కింద పేరు సోని, వయసు ఇరవై, భర్త బుధు, మొదటి కాన్పు, అంతవరకూ నిన్న తన చేత్తోనే నింపింది, మిగతా పేజీలు ఇంటివాళ్ళని అడిగి నింపాలి, చచ్చిపోయిన పిల్ల ఇంటికి వెళ్ళి ఎలా చచ్చిపోయిందమ్మా అని అడగాలి, రూలు అది, నర్సుతోపాటు ఒక డాక్టరు కూడా ఉండాలి, ఎవరు వెళ్తారని సూపరింటెండెంటు హేమలత మేడం అడిగినప్పుడు తనే చెయ్యెత్తింది, మేడం కళ్ళలో మెచ్చుకోలు కనిపించింది, ఆ మెచ్చుకోలు ఇప్పటికీ ఒంటికి అంటుకుని ఉంది, కడుక్కున్నా పోని జిడ్డులాగా.

దారి కాఫీ తోటల్లోంచి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, ఎర్రగా పండిన కాఫీ గింజలు, తోట దాటాక ఏటవాలు చేలల్లో వలిసె పూలు పసుపు పోసినట్టు, విశాఖ నుంచి జనం ఈ పూల పక్కన ఫొటోలు దిగడానికే కొండెక్కి వస్తారు, తనూ వచ్చిన మొదటివారం దిగింది, తెల్లకోటు వేసుకునే దిగి నాన్నకి పంపింది, అడ్డతీగల మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైన నాన్న ఆ ఫొటోని చర్చిలో అందరికీ చూపించాడట, మా సుజానా గైనిక్ పీజీ చేస్తోంది, మూడు నెలలు ఏజెన్సీ ఆసుపత్రిలో డ్యూటీ వేశారు, మన్యం తల్లులకి కాన్పులు చేస్తోంది అని, కాన్పులు చేసింది నిజమే, సోని కాన్పు కూడా తనే చేసింది, ఇదే దారిన పదమూడు రోజుల కిందట సోనిని డోలీలో దించారు, రెండు గుంజలకి కట్టిన దుప్పటిలో ముడుచుకుని, నలుగురు మోస్తుంటే, వెనకాల అత్త కనక అంబలి పోసిన సొరబుర్ర పట్టుకుని, ఈ రాళ్ళ మీద, ఈ వాలులో, ఒక్క చోటా పడెయ్యకుండా, మోసే మనిషి అలిసిపోతే ఇంకొకడు భుజం కింద భుజం పెట్టి గుంజ అందుకునేవాడట, నడక ఆగకుండానే, అంత జాగ్రత్తగా తెచ్చి ఆసుపత్రి మెట్ల మీద దించితే, నార్మల్ డెలివరీ, ఆడపిల్ల, రెండు కిలోల ఆరొందలు, ఏడుపు గట్టిగా, తల్లి నవ్వింది కూడా, నొప్పుల మధ్యలో ఏడవకుండా పళ్ళు బిగించి పట్టిన పిల్ల బిడ్డని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వు గుర్తు చేసుకోకూడదు, నడువు, కాలు జారుతోంది, చూసుకుని నడువు.

రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటా నలభై, టైము ఎందుకు గుర్తుందంటే గోడ గడియారం చూస్తోంది కాబట్టి, ముందురోజు పొద్దున్న ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ, ముప్ఫై గంటలు, రెండింటికి దిగాలి, వార్డులో పద్నాలుగు మంచాలు, వరండాలో మరో మూడు, కనక వచ్చి కోటు అంచు పట్టుకుంది, డాట్రమ్మా, కోడలికి తల పగిలిపోతన్నాదట, కళ్ళ ముందర సోడిపిండి సల్లినట్టుగా ఉన్నాదట, సూడమ్మా ఒకపాలి అంది, సోడిపిండి అంటే రాగిపిండి, చూపు మసకబారిందని, సుజానా తల ఊపింది, సరేనమ్మా చూస్తాం అంది, చూస్తాను అనలేదు, చూస్తాం, ఆ మాటలో ఎవరున్నారో, పొద్దున్న బీపీ నూట ముప్ఫై ఆరు బై ఎనభై ఎనిమిది, ప్రమాద గీతకి కొంచెం ఇటువైపే, భయపడక్కర్లేదు అనుకుని ఉంటుంది, కాన్పయ్యాక కూడా బీపీ లేచి గుర్రపువాతం, అంటే ఫిట్స్, రావచ్చని, తలనొప్పీ చూపు మసకా దానికి ముందు కేకలని, పరీక్షలో ఎన్నిసార్లు రాసిందో, ఆ జవాబుకి పదికి పది వేశారు ఒకసారి, మహా అయితే ఏడడుగుల దూరంలో ఉంది సోని మంచం, బీపీ మిషను కిటికీ దగ్గరే ఉంది.

రెండింటికి దేవీప్రసాద్ వచ్చాడు, తనలాగే పీజీ, అదే కాలేజీ, ఒకే బస్సులో ఇద్దరూ ఈ కొండెక్కారు, నర్సుల బల్ల దగ్గర నిలబడే ఇడ్లీ పొట్లం విప్పాడు, చెప్పు బేగి చెప్పు, కింద ఎవరినో రక్తం పోతుందని ఆటోలో తెచ్చారట, కాజువాలిటీ నుంచి రెండుసార్లు ఫోను చేశారు అన్నాడు, సుజానా చెప్పుకుపోయింది, ఒకటి ఆపరేషన్ మూడో రోజు, రెండు రక్తం ఎక్కుతోంది, మూడు రేపు కుట్లు విప్పాలి, నాలుగు జ్వరం, మలేరియా పరీక్ష పంపాం, అలా, పాఠం అప్పజెప్పినట్టు, అతను నములుతూ అరచేతి మీద పెన్నుతో ఏదో గీసుకుంటూ, ఏడు, కాన్పు రెండో రోజు, స్టేబుల్, రేపు డిశ్చార్జ్, ఎనిమిది, అతను అరచేతి మీద ఏడు అని రాయలేదు, రాయాల్సిందేమీ లేదు కదా, స్టేబుల్ అంటే ఇక అటువైపు చూడక్కర్లేదని, రెండు నిమిషాల్లో పదిహేడు మంది మనుషులు ఒకరి నోట్లోంచి ఇంకొకరి చెవిలోకి మారిపోయారు, ఐదున్నరేళ్ళు ఎంబీబీఎస్, ఏడాదిన్నర పీజీ, పిండం ఏ వారంలో కనురెప్ప విప్పుతుందో నేర్పారు, ఒక రోగిని ఇంకో డాక్టరు చేతికి ఎలా అప్పగించాలో ఒక్కరూ ఒక్క గంట చెప్పలేదు, ఈ వాక్యం తర్వాత ఆసుపత్రి మీటింగులో తనే అంది, అందరూ తలలు ఊపారు.

తల్లీ ఆగు, గెడ్డ వచ్చింది, అంది తెరిసమ్మ, నీళ్ళు మోకాలి లోతే కానీ రాళ్ళు పాచి పట్టి ఉన్నాయి, తెరిసమ్మ ముందు దాటి నడిమి బండ మీద నిలబడి టీకాల పెట్టె ఇటు చాచింది, నువ్వు ఇది పట్టుకో, నాను చీర ఎగదోపుకుంటాను, పట్టుకున్నావా, పట్టుకున్నాను, గట్టిగా పట్టుకున్నావా, ఆఁ పట్టుకున్నానండీ, అప్పుడు గానీ వేళ్ళు వదల్లేదు, అందులో ఉన్నవి ఇరవై చుక్కల మందు సీసాలు, అంతే, సుజానా పెట్టె గుండెకి అదుముకుని నీళ్ళలో నిలబడిపోయింది, చల్లదనం మోకాళ్ళ దాకా కొరుకుతోంది, ఏటమ్మా అలా కొయ్యయిపోయావు, రా.

ఐదింటికి వచ్చాయట మొదటి ఫిట్స్, తను నిద్రపోతోంది, వార్డుకి రెండొందల అడుగుల దూరంలో హాస్టల్ గదిలో, ఫోను సైలెంటులో పెట్టి, కలలు లేని నిద్ర, దేవీప్రసాద్ పరుగెత్తుకొచ్చి ఇంజక్షన్లు ఇచ్చాడు, ఇవ్వాల్సినవన్నీ ఇచ్చాడు, మళ్ళీ వచ్చాయి, బీపీ నూట తొంభై, ఒక కంటిపాప పెద్దదయింది, మెదడులో రక్తనాళం చిట్లిందని తెలుస్తూనే ఉంది, నూటఎనిమిది బండిలో విశాఖకి దించుతుంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊపిరి ఆగింది, బుధు పక్కనే కూర్చుని కాళ్ళు పట్టుకుని ఉన్నాడట, కాళ్ళు సల్లబడిపోతన్నాయని బండి ఆపమన్నాడట, సుజానా లేచేసరికి ఏడు దాటింది, లేచి ఒళ్ళు విరుచుకుంది, ఎంత హాయిగా పట్టింది నిద్ర అనుకుంది కూడా, ఆ తర్వాత ఫోను చూసుకుంది, పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ దేవీప్రసాద్‌వే, ఎందుకు చేశాడో అప్పుడు అడగలేదు, ఇప్పటికీ అడగలేదు, ఏడో మంచం గురించి ఇంకేమైనా ఉందా సుజానా అని అడగడానికే అయి ఉంటుంది.

డ్యూటీలో ఉన్నది అతను కాబట్టి మెమో అతనికే వచ్చింది, ముందస్తు లక్షణాలు గమనించకపోవడానికి కారణం వారంలోగా తెలపాలి అని, హేమలత మేడం అందరి ముందూ అడిగారు, తలనొప్పి అని ఎవరూ చెప్పలేదా నీకు, దేవీప్రసాద్ తల దించుకుని లేదు మేడం అన్నాడు, అతని పక్కనే రెండో కుర్చీలో తను, నోరు తెరుచుకుంటుందేమో అని ఎదురుచూసింది, అది తన నోరు కానట్టు, తెరుచుకోలేదు, తర్వాత మేడమే అన్నారు, మనుషులని తిడితే లాభం లేదు, పద్ధతి మారాలి, అప్పగింతకి ఒక ఫారం తయారు చెయ్యి సుజానా, నువ్వు బాగా రాస్తావు, అంటే రెండు రాత్రులు కూర్చుని తయారుచేసింది, ఐదు గళ్ళు, రోగి ఎవరు, ఇంతవరకు ఏం జరిగింది, ఇంకా చెయ్యాల్సిందేమిటి, దేనికి భయపడాలి, విన్న డాక్టరు విన్నది తిరిగి చెప్పాడా, బల్ల దగ్గర కాదు మంచం దగ్గరే చెప్పాలి, ఇంటివాళ్ళు వినేలా చెప్పాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, మంచి ఫారం, నిజంగానే మంచిది, పెట్టిన నాలుగోరోజే ఒకామెకి ఎక్కించబోయే రక్తం గ్రూపు తప్పని బయటపడింది, మంచం దగ్గర చదువుతుంటే మొగుడే అన్నాడు, ఆ గ్రూపు కాదండీ అని, ఆమె బతికింది, మేడం సుజానా భుజం తట్టారు, శనివారం జిల్లా మీటింగులో నువ్వే వివరించాలి, అన్ని ఆసుపత్రుల్లో పెడతారట అన్నారు, దేవీప్రసాద్ ఆ గళ్ళన్నీ గుండ్రటి అక్షరాలతో నింపుతాడు, ఒక్క గడీ వదలడు, మెస్సుకి రావడం మానేశాడు, నిన్న మెట్ల దగ్గర ఎదురై, నువ్వు ఆ రోజు ఏదో చెప్పే ఉంటావు సుజానా, కిందనుంచి ఫోనులు వస్తున్నాయి కదా, నేనే వినలేదేమో, గుర్తు తెచ్చుకుంటున్నాను, రావట్లేదు అన్నాడు, కళ్ళ కింద నల్లగా, తను ఏమంది, ఎక్కువ ఆలోచించకు అంది, ప్రభువా, ఆ మాట ఎలా అనగలిగింది, మరిచిపోయాను అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా, మరిచిపోవడం నేరం కాదు, ముప్ఫై గంటల డ్యూటీలో ఎవరైనా మరిచిపోతారు, అందుకే కదా ఫారం.

పనసగెడ్డ పన్నెండు ఇళ్ళు, ఎర్రమట్టి అలికిన అరుగులు, ఒక అరుగు మీద కనక కూర్చుని ఒళ్ళో గుడ్డల మూట, ఆ మూట కదిలింది, బుధు వాకిట్లో అడ్డాకులు ఎండబెడుతున్నవాడల్లా వీళ్ళని చూసి లేచాడు, దండం పెట్టాడు, దండం పెట్టి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు, రండమ్మా కూకోండి, ఇంతదూరం నడిసొచ్చినారు, అంబలి తాగుతారా అంది కనక, చాప దులిపి వేసింది, పిల్లని ఏదో మాట వరసకి ఎత్తుకో అన్నట్టుగా సుజానా ఒళ్ళో పెట్టేసింది, నీ సేతులోనే పుట్టింది గదా, సూడు, పక్కింటి గుంట పాలిస్తన్నాది, దాని పిల్లకీ దీనికీ, రేతిరేళ మేకపాలు, బరువు తగ్గిందా ఏటి సెప్పు, తగ్గింది, చేతికి తెలుస్తోంది, రెండు కిలోల ఆరొందలు లేదు ఇప్పుడు, పిల్ల కళ్ళు మూసుకుని పెదాలు గాలిలో చప్పరిస్తోంది, లేని దాన్ని వెతుక్కుంటోంది, సుజానా అటు చూడలేక ఎదురుగా గోడ వైపు చూసింది, గోడకి మేకు, మేకుకి గాజులు, ఆకుపచ్చ మట్టి గాజులు, సోనివే, కాన్పు బల్ల ఎక్కించేముందు తీసి అత్త చేతికివ్వమని చెప్పింది తనే.

తెరిసమ్మ ఫారం తీసుకుని ఒక్కొక్క ప్రశ్నే వాళ్ళ మాటల్లోకి మార్చి అడుగుతోంది, కనక చెబుతోంది, నొప్పులు ఎప్పుడొచ్చినాయి, సంత నాటి పొద్దున, డోలీ ఎవరు మోసినారు, మా వోళ్ళే, ఆసుపత్రిలో బాగా సూసినారా, సూసినారమ్మా, అబద్దమెందుకు, బాగా సూసినారు, ఆరో పేజీ తిప్పింది, ప్రమాద సూచనలు కనబడ్డాయా, కనబడితే ఎవరికి చెప్పారు, తెరిసమ్మ అడిగింది, అంతకుముందు ఏటైనా బాగోనేదని అన్నాదా కోడలు, కనక కొంగుతో ముక్కు తుడుచుకుంది, అన్నాది, తల పగిలిపోతన్నాదన్నాది, కళ్ళు కమ్మేసినట్టున్నాదన్నాది, ఈ డాట్రమ్మకి సెప్పినాను.

పెన్ను ఆగింది, తెరిసమ్మ తల ఎత్తలేదు, కాగితం వైపే చూస్తోంది, కనక మాత్రం ఆగలేదు, గొంతులో కోపం లేదు, కోపం ఉంటే బాగుండేది, తిట్టినా జుట్టు పట్టుకుని గుంజినా బాగుండేది, మద్దేన్నం ఆ బాబు రెండుపాలు అటూ ఇటూ తిరిగినాడు, అడుగుదునా అనుకున్నాను, డాట్రమ్మకి సెప్పినాను గదా, ఆవిడ ఆ బాబుకి సెప్పే ఉంటాది, మళ్ళీ మళ్ళీ సెప్తే ఇసుక్కుంటారని ఊరుకున్నాను, ఆ బాబుని ఏటో అన్నారట గదమ్మా, కాగితం ఇచ్చినారట, ఆ బాబు తప్పేటి, ఆ బాబుకి నాను సెప్పనేదు, ఎవురూ సెప్పనేదు, సెప్తే సూసును.

తెరిసమ్మ చాప మీద కొంచెం దగ్గరగా జరిగింది, గొంతు తగ్గించి, ఏటి రాయమంటావు తల్లీ, ముసిలిది దుఃఖంలో ఉన్నాది, సరిగ్గా గురుతు నేదని రాసేద్దునా, అంది, నీకు ముందు బోలెడు బతుకున్నాది, తల్లిలాంటి గొంతు, ఆదివారం చర్చిలో పిల్లలకి వాక్యం చెప్పే గొంతు, ఆ గొంతే ఆ మాట అంటోంది, తనకోసం, సుజానా పిల్లని కనక ఒళ్ళోకి జాగ్రత్తగా ఇచ్చి, పెన్ను ఇవ్వండి అంది, తీసుకుని ఇరవై రెండో ప్రశ్న ఎదురుగా రాసింది, చెప్పారు, మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, డాక్టర్ సుజానాకి, గుండెల మీదనుంచి బరువు దిగుతుందనుకుంది, దిగలేదు, ఏమీ కాలేదు, సోని తిరిగి రాలేదు, కింద ఇరవై మూడో ప్రశ్న ఉంది, చెప్పిన మీదట ఏం చర్య తీసుకున్నారు, తీసుకోకపోతే కారణం.

కారణం తెలుసు, పదకొండు రోజులుగా కంఠస్థం చేసిన కారణమే, పెన్ను కాగితం మీద పెట్టి మరి అని రెండక్షరాలు రాసింది, మరిచిపోయాను, అలసటవల్ల, అని రాయాలి, ఆ రెండక్షరాల దగ్గర చెయ్యి నిలబడిపోయింది, ఎందుకంటే ఆ బల్ల దగ్గర ఏడు అన్నప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు కనబడుతోంది, ఇప్పుడు కాదు, ఎప్పుడూ కనబడుతూనే ఉంది, తను చూడలేదు, ఏడు అన్నప్పుడు కనక మాట నోటి దాకా వచ్చింది, సోడిపిండి అనే ఆ మాటతో సహా వచ్చింది, ఆ వెంటనే దేవీప్రసాద్ ఏమంటాడో కూడా వినపడింది, నేను కిందకి పోతున్నాను కదా, పోయేముందు నువ్వే ఒకసారి బీపీ చూసి పో సుజానా అంటాడు, అనకుండా ఉండడు, చూస్తే ఎక్కువుంటుంది, ఎక్కువుంటే మందు రాయాలి, మందిచ్చి అరగంట ఆగి మళ్ళీ చూడాలి, మేడంకి ఫోను చెయ్యాలి, మూడవుతుంది, నాలుగవుతుంది, హాస్టల్లో వేడినీళ్ళు రెండున్నర దాకానే ఇస్తారు, చలి, ఒళ్ళంతా రక్తం వాసన, ఒక్క స్నానం, ఒక్క దుప్పటి, అంతే, ఆ మాటని అక్కడే నాలుక కింద నొక్కిపెట్టి స్టేబుల్ అంది, అంత చిన్న లెక్క, ఒక్క క్షణం పట్టలేదు, దానికి తను కట్టిన ఐదు గళ్ళలో ఏ గడీ లేదు, శనివారం జిల్లా అంతా పెట్టబోయే ఫారం మరిచిపోయేవాళ్ళ కోసం కట్టింది, తన కోసం కాదు, ఇంటివాళ్ళు వినేలా చెప్పాలని అందులో రాసినదే తను, తన ఎదుట కనక పిల్లని జోకొడుతూ, ఏటమ్మా ఆగిపోయినావు, నాను తప్పు సెప్పినానా, నీకు గురుతు నేదా అని అడుగుతోంది, సుజానా మరి అన్న రెండక్షరాల మీదా గీత కొట్టింది, పక్కన, గుర్తుంది, చెప్పలేదు, అని రాసింది.